ఈ ఏడు పీచ్ పళ్ళు మానేశాను

మే 24, శనివారం

మలుపు దగ్గర మావిస్ షెడ్డు ముందు బోర్డు లేచింది. "పీచ్ పళ్ళు వచ్చాయి" అని ఎర్ర రంగుతో, ఒక్కో అక్షరం నా తలకాయంత. ఆ చేతిరాత నాకు తెలుసు. ఇన్నేళ్ళూ మా ఫ్రిజ్జు మీద "పాలు అయిపోయాయి" అని రాసి, పాలు తేకుండా వెళ్ళిపోయిన చేతిరాత.

మా ఆయన రాయిస్ జనవరిలో ఆ మావిస్ మహాతల్లి పీచ్ తోటలో కొమ్మలు కత్తిరించడానికి వెళ్ళాడు. పనిమంతుడని నేనెన్నడూ అనలేదు గానీ మరీ ఇంత నిదానమనుకోలేదు. ఇప్పటికీ ఆ పని పూర్తి కాలేదు. మధ్యలో ఒకసారి వచ్చి చొక్కాలూ చేపల గాలమూ పట్టుకుపోయాడు. కొమ్మలు కత్తిరించడానికి చేపల గాలం కూడా కావాలని నాకు తెలీదు.

సరే. ఈ ఏడు నేను పీచ్ పండు ముట్టను. కోపంతో కాదు. ఒంట్లో చక్కెర పెరుగుతోందని డాక్టరు ఎప్పుడో అన్నాడు. ఎవరి ఒంట్లో అన్నది సరిగ్గా గుర్తులేదు. అనడమైతే అన్నాడు.

మే 25

ముట్టలేదు.

మే 29, గురువారం

నేను పని చేసేది పళ్ళ డాక్టరు దగ్గర, ముందు బల్ల వెనక. ఈ కాలంలో మా సౌత్ కరోలినాలో నోట్లో పళ్ళ సంగతి ఎవడిక్కావాలి? అందరికీ బుట్టలో పళ్ళ ధ్యాసే. ఇవాళ ముసలి ఆల్టన్ గారు వచ్చి బల్ల మీద మోచెయ్యి ఆన్చాడు.

"ఎర్లీన్ గారూ, నా కట్టుడు పళ్ళు ఎప్పటికొస్తాయి? జూలైలోపు ఇప్పించండమ్మా. పీచ్ పళ్ళ కాలం అయ్యాక ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే."

"చూస్తానండీ."

"మీకేం లెండి. ఈసారి తోట మీ ఇంటాయన చేతిలోనే..." అని ఠక్కున ఆగిపోయాడు. కరుచుకోవడానికి పళ్ళు లేవు గనక చిగుళ్ళతోనే నాలిక కరుచుకున్నాడు.

ఆయన అపాయింట్‌మెంటు ఆగస్టులో పెట్టాను. ముందు ఖాళీ లేదు మరి. ఒకటో రెండో ఉన్నాయి గానీ, అవి అత్యవసరమైన వాళ్ళకి.

మే 31, శనివారం

జువానిటా వచ్చింది. రాయిస్ చెల్లెలు. ఈ గొడవలో తను నా పక్షమేనని చర్చి మెట్ల మీద నిలబడి ప్రకటించిన మనిషి. పక్షం నాదే, చేతిలో బుట్ట మాత్రం మావిస్‌ది.

"పక్క ఊరి నుంచి తెచ్చాను వదినా," అంది.

"ఏ పక్క?"

"ఆ పక్క."

"అబద్ధమాడేటప్పుడు బుట్టకున్న పచ్చ రిబ్బను విప్పుకుని రావాలమ్మా. ఆ రిబ్బను మావిస్ తప్ప ఎవరూ కట్టరు."

"అబ్బబ్బ! అన్నయ్య మీద కోపం పండు మీద చూపిస్తే ఎలా? పండేం చేసింది?"

"నాకు కోపం లేదు. చక్కెర."

"నీకు చక్కెరా? నిన్న కాక మొన్న నా ఎదురుగా పుడ్డింగ్ గిన్నె నాకినదానివి."

"అందుకే మరి."

జువానిటా వరండా అంచున నిలబడి, నడుం వంచి, మోచేతులు ముందుకు చాచి ఒక పండు కొరికింది. తొలి కోత పళ్ళు; గుజ్జు టెంకను పట్టుకుని వదలదు. కొరకడం తక్కువ, చీకడం ఎక్కువ. చీకుతూ కళ్ళు మూసుకుంది. రసం ముంజేతి వెంట దిగి మోచేతి దగ్గర చుక్కలు కట్టింది. నేల మీద పడుతుందేమోనని మాత్రమే నేను చూస్తూ నిలబడ్డాను.

బుట్ట లోపలికి రానివ్వలేదు. ఆమె వెళ్ళాక వరండా కడిగాను. వాసన పోలేదు. మళ్ళీ కడగలేదు. నీళ్ళు వృథా.

జూన్ 8, ఆదివారం

పట్నంలో పెద్ద దుకాణానికి వెళ్ళి పీచ్ పళ్ళు కొన్నాను. ముట్టనన్నది మావిస్ తోట పళ్ళని, లోకంలో పళ్ళన్నింటినీ కాదు. పైన సరిగ్గా రాసుకోలేదు, అంతే.

చూడ్డానికి ముద్దొస్తున్నాయి. ఎక్కడో దేశం ఆ చివర కాస్తే చల్లటి పెట్టెల్లో ప్రయాణం చేసి వచ్చాయి. వాసన లేదు. బల్ల మీద పెడితే టక్కుమని చప్పుడైంది. కాగితం సంచిలో మాగబెట్టాను.

జూన్ 12

సంచి విప్పాను. పండు పండలేదు; పచ్చిగా ఉండగానే ముసలిదైపోయి తొడిమ చుట్టూ ముడతలు పడింది. కొరికితే తడిపిన దూది.

బాగానే ఉంది. చాలా బాగుంది. కడుపు నిండిపోయి సగంలో పారేశాను.

జూన్ 15, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరు గారు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. వచ్చే నెల మొదటి ఆదివారం చర్చి పుట్టినరోజు భోజనాలు.

"సిస్టర్, మీ పీచ్ కాబ్లర్ లేకపోతే అది భోజనమే కాదు. రెండు పళ్ళేలు చేస్తారు గదా?" పళ్ళ ముక్కల మీద పిండి పరిచి కాల్చే ఆ కాబ్లర్ ఏటా నా చేతిదే కావాలి వీళ్ళకి.

"ఈసారి ఆపిల్‌తో చేద్దామనుకుంటున్నాను."

"ఆపిలా?"

నేనేదో మతం మార్చుకుంటానన్నట్టు చూశాడు. పియానో మూస్తున్న ఆవిడ చెయ్యి మూత మీదే ఉండిపోయింది.

"జూలైలో, సిస్టర్? ఆపిల్?"

"సరే, పీచే చేస్తాను లెండి," అన్నాను. ఏం చేస్తాను? దేవుడి ఇంట్లో రభస ఎందుకు?

అదే పాస్టరు గారు ఫిబ్రవరిలో మా ఇంటికి వచ్చి, రాయిస్ విషయంలో తనేమీ చెయ్యలేననీ ఎవరి మనస్సాక్షి వారిదనీ చెప్పి వెళ్ళారు. మనస్సాక్షికి వదిలేయగలిగారు గానీ కాబ్లర్‌ని వదిలేయలేకపోయారు.

జూన్ 21, శనివారం

మలుపు మీదుగా వెళ్ళాల్సి వచ్చింది. రెండో రోడ్డు మరమ్మతులో ఉంది. షెడ్డు ముందు కార్లు బారులు తీరాయి. రాయిస్ గడ్డి టోపీ పెట్టుకుని గంప మోస్తున్నాడు. ఒక చెయ్యి గంపకి, ఒక చెయ్యి నడుముకి. సన్నబడ్డాడు. మెడ వెనక చర్మం ఊడిపోయేలా ఎండ తగిలింది. అక్కడ మందు రాసుకోవాలని చెప్పేవాళ్ళు లేరు కాబోలు.

నాకెందుకు?

జూన్ 22

ఆ రోడ్డు మరమ్మతు ఇంకా అవలేదు.

జూన్ 24

ఇంకా అవలేదు.

జూన్ 28, శనివారం

కాబ్లర్‌కి పళ్ళు కావాలి గదా అని పొద్దున్నే బయల్దేరి జిల్లా దాటి పోయాను. అక్కడ రోడ్డు పక్కన ఒక పెద్ద షెడ్డు. నన్నెరిగినవాడు ఒక్కడూ లేడు. హాయి. లావుపాటాయన ఒకడు జేబుకత్తితో పండు కోసి, ముక్క కత్తి మొన మీదే నా ముందుకు చాచాడు.

"రుచి చూడండమ్మా. నచ్చకపోతే తీసుకోవద్దు."

నోట్లో వేసుకున్నాను.

ఏం రాయను? ముక్క నాలిక మీద పెట్టగానే దవడల దగ్గర జివ్వుమంది. ముందు తీపి, ఆ వెనకే పులుపు, తర్వాత ఆ రెండూ కాని ఇంకేదో, పువ్వు వాసన లాంటిది, ముక్కులోకి ఎక్కింది. నమలనక్కర్లేకపోయింది. పోయిన వేసవి తర్వాత మొదటి ముక్క. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎండ బాగా ఉంది మరి.

"ఇది మీ తోటదేనా?" అన్నాను.

"మాదెక్కడమ్మా? వసంతంలో మంచు కురిసి మా పూతంతా మాడిపోయింది. ఈ చుట్టుపక్కల ఎవరికీ కాపు లేదు. పక్క జిల్లాలో, గట్టు మీద మావిస్ అని ఒకావిడ ఉంది చూడండి, ఆవిడ తోట ఒక్కటే తప్పించుకుంది. మేము అక్కణ్ణించే తెచ్చుకుంటున్నాం."

అప్పటికే మింగేశాను.

వట్టి చేతులతో తిరిగొచ్చాను. ముక్క పండు కాదు. పండంటే టెంకతో సహా ఉండాలి.

జూలై 6, ఆదివారం

డబ్బా ముక్కలతో చేశాను. చెప్పడానికి మాత్రం ఏముంది? మూత తీసి, పాకం వంచేసి, పైన పిండి పరిచి, ఓవెన్‌లో పెట్టాను. పైకి ఎర్రగా కాలింది. పైపై చూపులు చూసే ఊరికి పైపై ఎరుపు చాలదా?

చాల్లేదు. ఒక్కొక్కరూ ఒక చెంచా పెట్టుకుని, "ఆహా, ఎర్లీన్!" అని, కాగితం రుమాలు కప్పి పక్కన పెట్టారు. పాస్టరు గారైతే తిన్నంతసేపూ ఆకాశం వంక చూశారు.

అప్పుడు మావిస్ వచ్చింది. చర్చికి రావడానికి ఎంత ధైర్యం! పోనీ ఏదైనా వండుకొచ్చిందా? లేదు. పెద్ద గాజు గిన్నె నిండా పీచ్ ముక్కలు. పంచదార లేదు, మీగడ లేదు. కోసిన ముక్కలు, వాటిలోంచే ఊరిన రసం. అంతే. బద్ధకస్తురాలి వంటకం.

మావిస్‌తో ఆరు నెలలుగా మాట మానేసిన ఆడవాళ్ళందరూ మాట మానేసే ఉన్నారు. మాట్లాడకుండానే వరసలో నిలబడి, మాట్లాడకుండానే గిన్నె ఖాళీ చేశారు. నైతిక విలువలు అలాంటివి మా ఊళ్ళో. చివర రసం ఉంటే జువానిటా గిన్నె ఎత్తి తాగింది.

"నా పక్షమన్నావు," అన్నాను.

"పక్షం నీదే వదినా. దాహం నాది."

ఒక్క రాయిస్ మాత్రం నా బల్ల దగ్గరికి వచ్చి కాబ్లర్ పెట్టించుకున్నాడు. తిన్నాడు. రెండోసారి మళ్ళీ పెట్టించుకున్నాడు. మావిస్ చూస్తుండగానే.

రెండోసారి.

జూలై 12, శనివారం

జువానిటా చెప్పింది: రాయిస్ నడుం పట్టేసిందట, సోఫా దిగడం లేదట. కోత ముమ్మరంగా ఉంటే మావిస్ ఇద్దరు కూలీలతో తోటంతా మోస్తోందట.

"అయ్యో పాపం," అన్నాను. చాలాసేపు నవ్వాను.

మధ్యాహ్నం బీరువాలో ఎడమ పక్క అరలు తుడిచాను. దుమ్ము పట్టిందని. దిండ్లకి కొత్త గలేబులు తొడిగాను. రెండింటికీ. ఒకదానికి తొడిగి ఇంకోదాన్ని వదిలేస్తే చూడ్డానికి బాగుండదు.

జూలై 19, శనివారం

భోజనాల వేళ మావిస్ ట్రక్కు వచ్చి వాకిట్లో ఆగింది. ముందు సీట్లో రాయిస్, ఒళ్ళో పెట్టె, మోకాళ్ళ మధ్య చేపల గాలం. మావిస్ ఒక్కతే దిగింది, చేతిలో బుట్ట. ఈ క్షణం కోసం శీతాకాలం నుంచీ తిట్లు వరసగా పేర్చుకున్నాను. మనిషిని చూడగానే ఒక్కటీ గుర్తురాలేదు. ఎండకి నల్లబడిపోయింది. ముంజేతుల నిండా కొమ్మలు గీరిన చారలు. నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి. అందగత్తె అని ఊహించుకుంటూ వచ్చాను. నాలాంటిదే.

"తీసుకో," అంది.

"ఏది?"

"రెండూ."

"ఇన్నాళ్ళు వాడుకుని ఇప్పుడు వెనక్కి ఇస్తే తీసుకోవడానికి ఇదేమైనా దుకాణమా?"

"ఎక్కడ వాడాను తల్లీ? ఎల్బర్టా రకం పళ్ళు మాగిపోయాయి. ఇవాళ కొయ్యకపోతే రేపటికి నేలపాలు. ఈయన నిచ్చెన ఎక్కితే నడుమంటాడు, దిగితే మోకాలంటాడు. బోర్డు మాత్రం రాశాడు."

"బోర్డు బాగానే రాశాడు," ఒప్పుకున్నాను.

"మొగుడు పోయినదాన్ని. శీతాకాలంలో ఇంట్లో ఒక మనిషి అలికిడి ఉంటే బాగుంటుందనిపించింది. నీ మనిషని తెలిసే ఉంచుకున్నాను. క్షమించమని అడగను, అడిగినా నువ్వు క్షమించవు. పండు తిను. పండు మంచిది."

తినకూడదనే చెయ్యి చాచాను, బుట్ట తోసేద్దామని. చెయ్యి పండు మీద పడింది. ఇంకా చెట్టు మీది ఎండ వెచ్చదనం పోలేదు. నూగు వేళ్ళకి గరగరలాడింది. తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. గీత వెంట రెండు చేతులా తిప్పితే పండు రెండు చెక్కలుగా విడిపోయి, టెంక దానంతటదే ఊడి అరచేతిలో పడింది. టెంక ఉన్న చోట గుజ్జు రక్తంలా ఎర్రగా ఉంది.

కొరికాను. గడ్డం మీదుగా కారింది. గబుక్కున వరండా పిట్టగోడ మీదికి వంగాను. మావిస్ కూడా ఒకటి తీసుకుని నా పక్కనే వంగింది. ఇద్దరం మోచేతులు బయట పెట్టి, మేత దగ్గర ఆవుల్లా తిన్నాం. ఒకటి అయ్యాక ఇంకొకటి. నేనే ముందు రెండోది తీశాను.

"ఎర్లీన్, ఎండగా ఉంది," అన్నాడు రాయిస్ ట్రక్కులోంచి.

మేమిద్దరం ఇంకో పండు అందుకున్నాం. చివరికి తనే దిగి, నడుం పట్టుకుని మెట్ల దాకా వచ్చాడు. టోపీ తీశాడు. ఇక్కడ నిజం రాసుకోవాలి: నా గుండె లేచి కూర్చుంది. ఇల్లంతా తుడిచి పెట్టినదాన్ని. వాడు నోరు మూసుకుని మెట్లెక్కి ఉంటే రానిచ్చేదాన్నే.

"ఆ రోజు చర్చిలో నీ కాబ్లర్ తిన్నాను గదా," అన్నాడు. "అప్పుడే అనుకున్నాను, ఇంటికి పోవాలని. ఎన్నేళ్ళయినా నీ చెయ్యి మారలేదే! ఎప్పుడూ చేసినట్టే ఉంది."

"ఎప్పుడూ చేసినట్టేనా?"

"అచ్చం అదే."

మావిస్ నమలడం ఆపేసింది. ఆ రోజు పళ్ళెంలో ఏముందో చర్చిలో ప్రతి నాలిక్కీ తెలుసు.

ప్రతి వేసవీ తెల్లారగానే తోటలకి పోయేదాన్ని. ఒక్కో పండూ తొడిమ దగ్గర నొక్కి ఏరేదాన్ని. ఒకదానికొకటి తగలకుండా పాత పేపరు మీద బోర్లించి, రోజూ తిప్పి చూసి, సరిగ్గా మాగిన రోజున వేడినీళ్ళలో ముంచి తొక్క తీసేదాన్ని. మొదటి చెంచా వాడికి పెట్టి, వాడి మొహం చూస్తూ నిలబడేదాన్ని. "బాగుంది," అనేవాడు. ఆ ఒక్క మాట మీద సంసారం నడిపాను.

"రాయిస్, ఆ రోజు వేసింది డబ్బా ముక్కలు."

"అయితేనేం? బాగుంది గదా!"

మంచిగానే అన్నాడు. ఏమన్నాడో ఇప్పటికీ వాడికి తెలియదు.

"జువానిటా ఇంట్లో గది ఖాళీగా ఉంది. అక్కడికి పో," అన్నాను.

"నాకు నడుం నొప్పే, ఎర్లీన్."

"అందుకే మెట్లు లేని ఇల్లు చెప్పాను."

"నేను దింపలేను, కోత ఉంది," అని మావిస్ ట్రక్కెక్కింది. పెట్టె దించి మరీ వెళ్ళింది. జువానిటాకి ఫోన్ చేస్తే గొణుక్కుంటూ వచ్చింది.

"మీరిద్దరూ వద్దనుకుని నా నెత్తిన పెడతారా?"

"నా పక్షమన్నావు గదమ్మా."

"పక్షమంటే మాట సాయం వదినా, మనిషిని పోషించడం కాదు!"

అయినా తోడబుట్టినవాడు గదా, తీసుకుపోయింది. బుట్ట నా దగ్గరే ఉండిపోయింది.

జూలై 20, ఆదివారం

చర్చికి పోలేదు. సింకు మీద వంగి పళ్ళు తింటూ కూర్చున్నాను. కూర్చోలేదు, నిలబడే ఉన్నాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా.

ఏడవలేదు. సింకు మీద వంగి తింటే మొహమంతా తడుస్తుంది, అంతే.

జూలై 21

కాస్త ఏడ్చాను.

జూలై 26, శనివారం

ఖాళీ బుట్ట ఇచ్చేద్దామని మావిస్ తోటకి వెళ్ళాను. పరాయి వస్తువు ఇంట్లో ఉంచుకునే అలవాటు నాకు లేదు. అందరికీ ఆ పట్టింపు ఉండదు.

షెడ్డు ముందు జనం బారులు తీరి ఉన్నారు, బల్ల వెనక ఎవరూ లేరు. మావిస్ ఎక్కడో నిచ్చెన మీద ఉంది. చూస్తూ ఎంతసేపని నిలబడతాను? బల్ల వెనక్కి వెళ్ళి అమ్మడం మొదలుపెట్టాను. ఊరంతా నోళ్ళు తెరిచింది. పళ్ళ డాక్టరు దగ్గర చేసిన అనుభవంతో చెప్తున్నాను, ఒక్కసారి అన్ని నోళ్ళు అంత వెడల్పుగా తెరుచుకోవడం నేనెన్నడూ చూడలేదు.

"ఎర్లీన్ గారూ! మీరు... ఇక్కడ?" అన్నాడు ఆల్టన్ గారు.

"మీకు మెత్తటివి ఏరి పెడతాను, చిగుళ్ళతో తినొచ్చు," అన్నాను. సోమవారం ఆయన అపాయింట్‌మెంటు ముందుకు జరపాలి.

పాస్టరు గారు కూడా వచ్చారు. మీ ఇద్దరి మధ్య సమాధానం కుదిరినందుకు ప్రార్థన చేస్తానన్నారు. సమాధానమేమీ కుదరలేదనీ, ఆయన వెనక వరస పెరిగిపోతోందనీ చెప్పాను. అడుగున నలిగిన పళ్ళు నాలుగు ఆయన సంచిలోకే వెళ్ళాయి. ఎలా వెళ్ళాయో తెలియదు.

పొద్దువాలాక జనం పల్చబడ్డారు. మావిస్ చెట్ల వరసల్లోంచి వచ్చింది. గంపలు బోర్లించుకుని చివరి చెట్టు కింద కూర్చున్నాం. ఆ చెట్టున మిగిలినవి అమ్మడానికి పనికిరానివి, పక్షులు పొడిచినవి, పగుళ్ళు ఇచ్చినవి. అసలు తీపి వాటిలోనే ఉంది. చాకు లేదు, పళ్ళెం లేదు. తింటూ టెంకలు గడ్డిలోకి విసిరాం. గౌనంతా మరకలు. పీచ్ మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. పాతగౌను వేసుకు వచ్చి ఉండాల్సింది.

నా వైపు చూడకుండా మావిస్ అడిగింది: "నా మీద కోపం లేదా, ఎర్లీన్?"

"ఉంది," అన్నాను. "ఇంకో పండు ఇలా ఇవ్వు."